అనంతపురం ప్రపంచ చరిత్ర నోట్సు: వియత్నాం పాఠం సగం నుంచి మొదలైంది

సివిల్స్‌లో హిస్టరీ ఆప్షనల్ తెలుగులో రాసేవాళ్ల కోసం అనంతపురంలోని ఓ కోచింగ్ సెంటర్ వేసిన నోట్సు ఇది. టవర్‌క్లాక్ దగ్గర జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్‌తో దొరుకుతోంది. తెలుగులో ఈ సిలబస్‌కు పుస్తకాలే తక్కువ కాబట్టి చాలామందికి ఇదే దిక్కు. 1968 నుంచి 1973 దాకా వియత్నాం యుద్ధం ముగించడానికి సాగిన పారిస్ చర్చల భాగం నిజంగా బాగుంది. అమెరికా తరఫున కిసింజర్, ఉత్తర వియత్నాం తరఫున లె డక్ థో చేసిన మంతనాలు వరుస తప్పకుండా ఉన్నాయి. చిక్కంతా అంతకు ముందు కాలంతోనే. 1964 టోంకిన్ ఘటనతో (అమెరికా నౌకలపై ఉత్తర వియత్నాం దాడి చేసిందన్న వివాదం) యుద్ధం మొదలైనట్టు, 1968 దాకా శాంతి ఊసే లేనట్టు రాశారు.

నోట్సు వదిలేసిన కథ ఇది. వియత్నాం అప్పటిదాకా ఫ్రాన్సు వలస. 1946 మార్చి 6న హనోయ్‌లో వియత్నాం స్వాతంత్ర్యోద్యమ నేత హో చి మిన్, ఫ్రాన్సు తరఫున సాంతెనీ ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. సొంత ప్రభుత్వం, పార్లమెంటు, సైన్యం, ఖజానా ఉన్న స్వేచ్ఛా రాజ్యంగా వియత్నాంను ఫ్రాన్సు ఒప్పుకుంది, కాకపోతే ఫ్రాన్సు, దాని వలసల కూటమి అయిన ఫ్రెంచ్ యూనియన్‌లో ఉంటూనే. బదులుగా 15,000 మంది ఫ్రెంచి సైనికులు ఉత్తరానికి రావచ్చు, ఐదేళ్లలో విడతలుగా వెళ్లిపోవాలి. దక్షిణాన కొచ్చిన్‌చైనా (సైగాన్ చుట్టుపక్కల ప్రాంతం) వియత్నాంలో కలవాలా వద్దా అన్నది జనమే ఓటుతో తేల్చాలి. ఒప్పందం చెడింది సరిగ్గా ఇక్కడే. హో ఫ్రాన్సుకు బయల్దేరాడో లేదో, జూన్ 1న సైగాన్‌లో హైకమిషనర్ దార్జాన్‌లియూ పారిస్ అనుమతి లేకుండానే కొచ్చిన్‌చైనాను వేరే రిపబ్లిక్‌గా ప్రకటించేశాడు. ఫ్రాన్సులోని ఫాంటేన్‌బ్లోలో చర్చలు వేసవంతా సాగి, సెప్టెంబరు 14న ఒక తాత్కాలిక ఒప్పందంతో సరిపెట్టుకున్నాయి. నవంబరులో హైఫాంగ్ రేవు సుంకాల మీద పెత్తనం ఎవరిదన్న తగాదా ముదిరి, 23న ఫ్రెంచివాళ్లు ఊరి మీద ఫిరంగులు పేల్చారు. డిసెంబరు మధ్యలో ఫ్రాన్సు కొత్త ప్రధాని లియోన్ బ్లూమ్‌కు హో పంపిన రాజీ సందేశాన్ని సైగాన్‌లోనే ఆపేశారు. అది పారిస్ చేరేసరికి, 19న హనోయ్‌లో పోరు మొదలైపోయింది. నోట్సులో ఇందులో ఒక్క ముక్క లేదు.

ఫ్రాన్సుతో ఆ యుద్ధాన్ని ముగించిన 1954 జెనీవా ఒప్పందాల పేజీ చూస్తే ఇంకా బాధేస్తుంది. 1954లో వియత్నాంను రెండు దేశాలు చేశారని రాశారు. కాదు. 17వ అక్షాంశం తాత్కాలిక సైనిక రేఖేనని, రాజకీయ సరిహద్దు కాదని తుది ప్రకటనలోనే ఉంది. దేశాన్ని కలపడానికి 1956 జూలైలో ఎన్నికలు జరగాలి, అందుకు సంప్రదింపులు 1955 జూలైలోనే మొదలవ్వాలి. దక్షిణ వియత్నాం నేత డీయెమ్ వాటికే రానన్నాడు, అమెరికా అతన్ని వెనకేసుకొచ్చింది. ఒప్పందం అమలును చూడాల్సిన కమిషన్‌కు అధ్యక్షత మన దేశానిది, సభ్యులు కెనడా, పోలండ్. మన పిల్లలు రాసే జవాబులో ఇది రాకపోతే ఎలా?

మ్యాపులోనూ గీత తప్పింది. జపాన్ సేనల లొంగుబాటు కోసం 1945లో చైనా, బ్రిటన్ దేశాన్ని పంచుకున్నది 16వ అక్షాంశం దగ్గర. దాన్నే 1954 గీతగా చూపారు.

ఇప్పటికే కొన్నవాళ్లు టోంకిన్ పేజీకి ముందు రెండు తెల్లకాగితాలు చేర్చి బైండింగ్ మళ్లీ వేయించుకోండి. పై తేదీలు ఒక వరుసలో, ప్రతి అవకాశాన్నీ ఎవరు చెడగొట్టారన్నది పక్క వరుసలో రాసుకోండి. హైఫాంగ్ మృతుల లెక్క ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, అంకె వేయకండి. ఫాంటు మార్చినప్పుడు ఒత్తులు రాలిపోయి పేర్లు చెడిపోయాయి, వాటిని చూసి ఎక్కించుకోవద్దు.