ఆల్చిప్పలో ఏది పరీక్షించాలి: గుల్లా, లోపలి మాంసమా?

తీరం నీళ్లలో కాలుష్యం చూడాలంటే బాటిల్‌తో నీళ్లు పట్టుకెళ్తే తెలిసేది ఆ పూట సంగతే. అందుకే ఒకేచోట ఉండి, నీళ్లలోని లోహాల్లాంటి కాలుష్యాన్ని ఒంట్లో పోగేసుకునే ఆల్చిప్పలను పరీక్షిస్తారు. మరి వాటిలో ఏది?

ఖర్చు: మాంసాన్ని ఐస్‌లో పెట్టి ల్యాబ్‌కి చేర్చాలి, అక్కడ ఫ్రీజర్ కావాలి. గుల్లను కడిగి, ఆరబెట్టి కవర్లో వేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. కాకపోతే గుల్లలో లోహాలు చాలా కొద్దిగా ఉంటాయి కాబట్టి సున్నితమైన ఖరీదైన యంత్రం తప్పదు.

కాలం: మాంసం ఈమధ్య వారాలు, నెలల కథ చెబుతుంది. గుల్ల పొరలు పొరలుగా పెరుగుతుంది, సీసం లాంటివి ఆ పొరల్లోనే ఉండిపోతాయి, కాబట్టి పాత సంవత్సరాలను కూడా వెతకొచ్చు.

రిస్క్: గుడ్లు పెట్టే సీజన్‌లో మాంసం బరువు మారి లెక్కలు తారుమారవుతాయి. ఒడ్డున దొరికిన ఖాళీ గుల్ల ఎక్కడి నుంచి కొట్టుకొచ్చిందో చెప్పలేం, రాయికి అంటుకుని బతికున్నదే తీసుకోండి.

గుల్ల ఆకారం కూడా సాక్ష్యమే. ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ తీరంలో పడవల అడుగున నాచు పట్టకుండా పూసే టీబీటీ (ట్రైబ్యుటైల్ టిన్ అనే విష రసాయనం) రంగు వల్ల ఆయిస్టర్ల (తినే ఆల్చిప్పల) గుల్లలు వికృతంగా మందమెక్కాయి, వాటి పిల్లలు బతకలేదు, పెంపకందారులు దెబ్బతిన్నారు. 1982లో అక్కడ చిన్న పడవలకు ఆ రంగును నిషేధించారు.

పురుగుమందులు, పాదరసం, తినొచ్చా లేదా అన్న ప్రశ్న అయితే మాంసమే. విశాఖ హార్బర్ లాంటి చోట లోహాలు ఏళ్లుగా పెరిగాయా తగ్గాయా అని చూడాలంటే నేను గుల్లకే ఓటేస్తాను.