నిజాం కాలంనాటి బోర్డు అంటున్నారా? ముందు వెనక్కి తిప్పి చూడండి

హైదరాబాద్‌లో పాత చెక్క బోర్డులు వెతుకుతున్నవాళ్లు కాస్త జాగ్రత్త. "నిజాం కాలంనాటి కిరాణా కొట్టు బోర్డు సార్, అసలు టేకు" అంటూ నాకు పద్దెనిమిది వేలకు ఒకటి అంటగట్టారు. పెచ్చులూడిన నీలం రంగు, బూడిదరంగు తేలిన చెక్క, పురుగు తిన్న రంధ్రాలు, అన్నీ ఉన్నాయి. గోడకి బిగించడానికి వచ్చిన వడ్రంగి దాన్ని తిప్పి చూసి నవ్వేశాడు. వెనక మెరిసే ప్లస్ స్క్రూలు. ఒకటి విప్పితే కింద లేత పసుపు చెక్క. టేకు కాదు, ప్యాకింగ్ పెట్టెలకి వాడే పైన్.

ఇంకో తమాషా ఏంటంటే, కొట్టు అడ్రసు చివర పిన్‌కోడ్ కూడా రాశారు. దేశంలో పిన్‌కోడ్లు మొదలైందే 1972 ఆగస్టు 15న!

ఇలాంటివి ఎలా చేస్తారో వడ్రంగే చెప్పాడు. వైర్ బ్రష్‌తో చెక్కలో మెత్తటి భాగాన్ని గీకేస్తారు. స్టీల్ ఊల్‌ని (సన్నటి ఇనుప పీచు) వెనిగర్‌లో నానబెట్టి ఆ నీళ్లు పూస్తే, చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి నల్లబడుతుంది. పైన్‌లో టానిన్ తక్కువ కాబట్టి ముందు చిక్కటి టీ డికాక్షన్ పట్టిస్తారు. రంగు వేసేముందు అక్కడక్కడా మైనం రాస్తే, తర్వాత ఉప్పుకాగితం పట్టినప్పుడు అక్కడే రంగు ఊడొస్తుంది. కేఫ్ అలంకరణకని చెప్పి అమ్మితే ఇదంతా మంచి పనితనమే, కాదనను. పాతదని అమ్మడమే మోసం.

ఏళ్లతరబడి ఎండావానకి ఉన్న బోర్డుని చేత్తో తడిమితే చాలాసార్లు తెలిసిపోతుంది. రంగు కాపాడిన చోట చెక్క నిలిచి, చుట్టూ అరిగి, అక్షరాలు వేలికి ఎత్తుగా తగులుతాయి. నా బోర్డంతా ఒకే మట్టం. పైగా దానిమీదున్న 'ర'లన్నీ అచ్చుగుద్దినట్టు ఒకటే, చేత్తో రాస్తే అలా రావు. రంధ్రాల్లో సన్నటి తీగ పెట్టి చూడండి. పురుగు దారి వంకర్లు తిరుగుతుంది, డ్రిల్లు దారి తిన్నగా పోతుంది.

వందేళ్లు దాటిందని ఎవరైనా గట్టిగా చెబితే లైసెన్సు చూపించమనండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం అలాంటి పురావస్తువులు అమ్మే వ్యాపారికి అది ఉండాలి. వాటిని మనంతట మనం విదేశాలకి పట్టుకెళ్లడం కూడా కుదరదు, అమెరికాలో ఉన్న పిల్లలకి కానుకగా కొనేవాళ్లు గమనించండి.

డబ్బు వెనక్కి అడిగితే "యాంటిక్ లుక్ అనే కదా చెప్పాం" అంటున్నారు. బిల్లు తీసి చూస్తే "చెక్క అలంకరణ వస్తువు" అని మాత్రమే ఉంది. మీరు కొనేటప్పుడు చెక్క రకం, ఎన్నేళ్లదో బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి నసిగితే కొత్త బోర్డు ధరకే బేరమాడండి.