సినిమా ఎడిటర్ కావాలంటే కోర్సు మేలా, అసిస్టెంట్ పని మేలా?

ఎడిటింగ్ మీద ఇష్టంతో హైదరాబాద్ వచ్చేవాళ్లకు నా సలహా ఒకటే: ఫీచర్ ఫిల్మ్ లక్ష్యమైతే మంచి ఎడిటర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరండి.

కోర్సును తక్కువ చేయను. పుణెలో ప్రభుత్వ సినిమా కాలేజీ ఎఫ్‌టీఐఐ 1960 నుంచి ఉంది, ఇక్కడ అన్నపూర్ణ స్టూడియోస్‌లోనే 2011లో ఫిల్మ్ కాలేజీ పెట్టారు. కోర్సులో కట్ తప్పినా నిర్మాత డబ్బు పోదు. పక్క బెంచీలో డైరెక్షన్ చదివినవాళ్లే రేపు పిలిచి సినిమా ఇవ్వొచ్చు. కానీ ప్రైవేటు కాలేజీ ఫీజు అందరి వల్లా కాదు.

అసిస్టెంట్ పని మొదట్లో విసుగే. ఫుటేజ్ రాగానే రెండు చోట్ల కాపీ చేయాలి, ప్రాక్సీలు (ఎడిటింగ్‌కి వాడే తేలికపాటి కాపీలు) తీయాలి, క్లాప్ చూసి సౌండ్‌ని బొమ్మతో సింక్ చేయాలి, సీన్ల వారీగా సర్దాలి. ఎడిట్ లాక్ అయ్యాక, అంటే ఇక కట్‌లో మార్పులు లేవనుకున్నాక, డీఐకి (రంగులు సరిదిద్దే పనికి), సౌండ్‌కి, వీఎఫ్ఎక్స్‌కి (గ్రాఫిక్స్‌కి) వేర్వేరు ఫైళ్లు పంపాలి. టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేమ్‌కీ ఉండే సమయం నంబరు) తేడా పడితే అందరికీ టెన్షనే. అయితే ప్రతి టేకూ మీ కళ్ల ముందు నుంచే పోతుంది. అన్ని టేకుల్లో ఎడిటర్ ఆ ఒక్కటే ఎందుకు ఉంచారో రోజూ చూస్తారు. ఇంటర్వెల్ ఏ సీన్ మీద వేయాలి, సెకండాఫ్‌లో పాట ఉంచాలా తీసేయాలా అని డైరెక్టర్‌తో గంటలు గంటలు వాదన నడుస్తుంది. రెండున్నర గంటల కథను పట్టి నిలపడం అక్కడే వస్తుంది. పేరున్న ఎడిటర్ శ్రీకర్ ప్రసాద్ కూడా, ఎడిటరే అయిన తండ్రి సంజీవి దగ్గరే పని నేర్చుకుని, తర్వాత ఎన్నో జాతీయ అవార్డులు అందుకున్నారు.

యూట్యూబ్, రీల్స్ పనిలో డబ్బు త్వరగా వస్తుంది, చేయి వేగం పెరుగుతుంది. కానీ నటుడి మౌనాన్ని కట్ చేయకుండా వదిలే ఓపిక అక్కడ అలవడదు. ఇంటి నుంచి డబ్బు రానివాళ్లు మాత్రం ముందు అదే చేసి, సినిమా పనివాళ్లు ఎక్కువగా ఉండే కృష్ణానగర్‌లో కొన్ని నెలల అద్దెకు సరిపడా దాచుకోవాలి. అసిస్టెంట్‌కి మొదట్లో ఇచ్చేది చాలా తక్కువ, అదీ సమయానికి రాకపోవచ్చు. ఇది అన్యాయమే, మారాలి.

చేరే ముందు మొహమాటపడకుండా మూడు విషయాలు అడగండి: డైరెక్టర్ వచ్చినప్పుడు గదిలో కూర్చోనిస్తారా, చిన్న సీన్లకైనా రఫ్ కట్ (తొలి కూర్పు) చేయనిస్తారా, టైటిల్స్‌లో పేరు వేస్తారా. మొదటి రెండింటికీ కాదంటే ఇంకో ఎడిటర్‌ని వెతుక్కోండి.