ఫేస్‌లిఫ్ట్ చేయించుకుని ఆరేళ్లు: మొహం సంగతి సరే, చెవుల సంగతి వినండి

మాది తిరుపతిలో చీరల అంగడి. పొద్దస్తమానం అద్దం ముందరే పని. వచ్చినామె భుజం మీద పైట వేసి చూపించినప్పుడల్లా పక్కన నా మొహమూ కనబడుతుంది. షుగరు వచ్చినాక 18 కిలోలు తగ్గినాను. ఒళ్లు తగ్గింది, తోలు మాత్రం అంతే మిగిలింది. దవడలకు రెండు పక్కలా జారి, గొంతు కింద ఆవుకున్నట్టు గంగడోలు దిగింది. కనబడినవాళ్లంతా "ఏం మే, ఒంట్లో బాగలేదా?" అనేవాళ్లే. 2019 జనవరిలో, 54 ఏళ్ల వయసులో, చెన్నైలో ఫేస్‌లిఫ్ట్, అంటే మొహం మీద, మెడ మీద జారిన తోలును బిగించే ఆపరేషను, చేయించుకున్నాను. మా అమ్మాయి అక్కడే కాపురం ఉంటుంది, అందుకని చెన్నై.

ప్యాకేజీ 2,60,000 అన్నారు. బిల్లు చేతికొచ్చినాక చూస్తే 3,06,800. అందం కోసం చేసే ఆపరేషనుకు 18 శాతం జీఎస్టీ ఉంటుంది, ఆ మాట చెప్పిన నాథుడు లేడు. ఇన్సూరెన్సు కూడా దీనికి రాదు. చీర అమ్మేటప్పుడు నేనిట్లా చేస్తే గిరాకీ మళ్లా గడప తొక్కుతుందా?

డాక్టరు మాత్రం మంచిగా చెప్పినాడు. చేతికి అద్దమిచ్చి, చెవి ముందర రెండు వేళ్లు పెట్టి తోలును మెల్లగా పైకి జరిపి, "ఇంతవరకు నా చేతనవుతుంది" అన్నాడు. దవడ గీత తేలింది, మెడ నున్నగా అయింది. కళ్ల కింద సంచులు, నుదుటి గీతలు, బుగ్గల మీది మంగు మచ్చలు అట్లే ఉన్నాయి. అవి ఈ ఆపరేషనుతో పోవు, వాటికి వేరే దారులు. ఆ రోజు సగమే విన్నాను. మీరు పూర్తిగా వినండి.

లోపల చేసేదేమిటంటే, తోలు కింద స్మాస్ అనే పొర ఒకటుంటుంది. 1976లో మిట్జ్, పెరోనీ అనే డాక్టర్లు దాన్ని వివరించినారు. అంతకుముందు ఎక్కువగా పైతోలు లాగి కుట్టేవాళ్లు. ఆ లాగుడు ఎక్కువైతే ఎదురుగాలికి నిలబడినట్టుండేది మొహం. ఇప్పుడు లోపలి పొరను బిగించి, పైన మిగిలిన తోలును కత్తిరిస్తారు. మా భాషలో చెప్పాలంటే జాకెట్టు గుడ్డను లాగకుండా లైనింగును పట్టి కుట్టడం. కోత కణత దగ్గర జుట్టులో మొదలై, చెవి ముందర మడతలో దిగి, తమ్మె కింద తిరిగి, చెవి వెనక మళ్లీ జుట్టులోకి పోతుంది. రెండు వైపులా అంతే.

షుగరు అదుపులో ఉందో లేదో చూసి గానీ తేదీ ఇవ్వలేదు. పొగ తాగేవాళ్లు కనీసం నెల ముందే మానాల. లేకుంటే రక్తం సరిగా అందక చెవి దగ్గర తోలు నల్లబడి చచ్చిపోతుందంట. ఆస్ప్రిన్ లాంటివి వాడుతుంటే ముందే చెప్పాల, మన ఇష్టానికి ఆపకూడదు.

నాలుగు గంటలు పట్టింది. ఆ రాత్రే బీపీ పెరిగి ఎడమ చెంప గట్టిగా, బిగుసుకున్నట్టు ఉబ్బింది. నొప్పి ఒక పక్కనే ఎక్కువ. రెండుసార్లు చెప్తే నర్సు "వాపు సహజమేనమ్మా" అని పోయింది. మూడోసారి మా అమ్మాయి గొంతు పెంచితే డాక్టరుకు ఫోన్ పోయింది. లోపల రక్తం గడ్డకట్టిందని మళ్లీ థియేటరుకు తీసుకుపోయి తీసేసినారు. ఫేస్‌లిఫ్టులో తరచుగా వచ్చే ఇబ్బంది ఇదే, ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే వస్తుంది. రెండు పక్కలా సమంగా వస్తే మామూలు వాపు. ఒక పక్కే పెరుగుతుంటే మొహమాటపడొద్దు, అరవండి.

రెండో రోజు, మూడో రోజు అద్దం చూడకపోతేనే మేలు. తలకింద ఎత్తు పెట్టుకుని వెల్లకిలా పడుకోవాల. నోరు పెద్దగా తెరిచి నమలలేము. నాకు రాగి సంగటి ఆదుకునింది, దాన్ని ఎటూ నమలం కదా, ముద్ద మింగేదే. ఆరో రోజు ముందరి కుట్లు, పదో రోజు జుట్టులోని పిన్నులు తీసినారు. కమిలిన రంగు మెడదాకా దిగి, పచ్చబడి, మూడో వారానికి పోయింది. అప్పుడు తల మీద పైట కప్పుకుని సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో తిరుపతికొచ్చినాను. ఎడమ పక్క కింది పెదవి రెండు నెలలు సరిగా దిగలేదు, నవ్వితే వంకర. నరం సర్దుకున్నాక అదే పోయింది.

పోనిది చెవి మొద్దుబారడం. తమ్మెకు స్పర్శనిచ్చే నరం మెడ పక్కనుంచే పైకి పోతుంది, ఈ ఆపరేషనులో దెబ్బ తినేది ఎక్కువగా అదే. కుడి తమ్మెకు ఎనిమిది నెలలకు స్పర్శ వచ్చింది. ఎడమదానికి ఈనాటికీ సగమే. కమ్మ పెట్టుకుంటుంటే ఇంకొకరి చెవికి పెడుతున్నట్టుంటుంది. ఒకరోజు శీల వదులై కమ్మ జారిపోయింది, నాకు తెలియనే లేదు. సాయంత్రం చీరలు మడతేస్తుంటే వెంకటగిరి చీర మడతలోంచి రాలింది.

ఇక కొండ సంగతి. మనవరాలి జ్వరానికి గుండు మొక్కుకున్నాను, 2022లో కల్యాణకట్టకు పోయినాను. నీళ్లు చల్లి కత్తి పెట్టిన క్షురకురాలు చెవి వెనకకు వచ్చేసరికి చెయ్యి ఆపింది. "ఏందమ్మా, ఇంత పొడుగు కోత?" అనింది. ఆపరేషను అన్నాను. "తెగుతుందేమో, కదలొద్దు" అని అక్కడ మాత్రం గీరీ గీరనట్టు గీసింది. నాకు కత్తి తగులుతున్నట్టే తెలియలేదు, చప్పుడు మాత్రం వినబడింది. మూడేళ్లు ఎవరికీ చెప్పకుండా దాచింది మూడు నిమిషాల్లో బయటపడింది. గంధం పూసుకుని కొండ దిగితే రెండు చెవుల వెనకా తెల్లటి దారాలు పోసినట్టు గీతలు. జుట్టు పెరిగేదాకా అంగడికొచ్చిన ప్రతి ఒక్కరూ అడిగినారు. మా వదినైతే వేలితో తడిమి మరీ చూసింది.

ఆరేళ్లకు లెక్క చెప్పమంటే, మెడకు పదికి ఎనిమిది, దవడకు ఏడు. ఎడమ పక్క ఇప్పుడు కొంచెం జారుతోంది, వయసు ఆగదు కదా. కళ్లకు సున్నా, అది నేను సగం విన్నదాని ఫలితం. చేయించుకున్నాక మొదటి ఏడాది నా మొహంలో మార్పు ఎవరూ పోల్చలేదు. ఒంట్లో బాగలేదా అని అడగడం మాత్రం మానేసినారు. నాకు కావలసింది అదే.

మళ్లీ చేయించుకోను, ఆ మొదటి రాత్రి గుర్తొస్తే చాలు. మీకు చేయించుకోవాలని ఉండి, కొండకు గుండు బాకీ కూడా ఉంటే, ముందు ఆ బాకీ తీర్చి, జుట్టు చెవులు దాటినాక డాక్టరు దగ్గరికి పోండి.