పనా, నగదా, పశువా: పేదింటికి ఏది మేలు?

పేదరికం తగ్గించడానికి వర్ధమాన దేశాలు చేపట్టిన మార్గాల్లో మూడింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం: మన ఉపాధి హామీ, బ్రెజిల్ నగదు పథకం ‘బోల్సా ఫమీలియా’, బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టిన, పశువుల్లాంటి ఆస్తి చేతికిచ్చే పథకం. ఏది మేలన్న చర్చ ఎప్పుడూ ఖర్చు దగ్గరే మొదలవుతుంది. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ పథకం లేకపోతే ఆ ఇంటివాళ్లు ఆ రోజు ఏ పనికి వెళ్లేవాళ్లు?

ఆ ప్రశ్న ఎంత ముఖ్యమో ఆస్తి పథకమే చూపించింది. 2002లో బ్రాక్ రూపొందించిన పద్ధతి ఇది: ఊరివాళ్లను కూర్చోబెట్టి ఏ ఇల్లు అందరికంటే నిరుపేదదో వాళ్లచేతే చెప్పిస్తారు, తర్వాత ఇంటికెళ్లి సరిచూస్తారు. ఎంపికైన ఇంటి మహిళకు ఆవో మేకలో ఇస్తారు. రాబడి మొదలయ్యేదాకా తిండికి భత్యం, క్రమం తప్పకుండా ఇంటికొచ్చి చూసే కార్యకర్త, పొదుపు, వైద్యసాయం ఉంటాయి. సుమారు రెండేళ్లలో ముగించేస్తారు. పశ్చిమ బెంగాల్‌లోని ముర్షిదాబాద్‌లో ఇదే పద్ధతి అమలైన పదేళ్లకు కూడా ఆ కుటుంబాల రాబడి, ఖర్చు పథకం అందని ఇళ్లకంటే మెరుగ్గా ఉన్నాయి.

ఇదే పద్ధతి పెట్టిన మెదక్ జిల్లాలో మాత్రం నికరంగా ఏమీ మిగల్లేదు. పశువుల మీద రాబడి పెరిగింది, కానీ వాటిని చూసుకునేవాళ్లు కూలికి పోవడం తగ్గింది. అప్పుడు అక్కడ కూలి రేట్లు పెరుగుతున్నాయి. వచ్చిందీ పోయిందీ సరికి సరి అయింది. కొందరు పశువును అమ్మి అప్పు తీర్చుకున్నారు కూడా. హోండురాస్‌లో ఇచ్చిన కోళ్లు రోగమొచ్చి చచ్చిపోయాయి. కాబట్టి పశువు ఇచ్చేముందు దగ్గర్లో పశువైద్యుడు ఉన్నాడా, పాలు కొనేవాళ్లు ఉన్నారా, ఎండాకాలంలో మేత దొరుకుతుందా అన్నవి చూడాలి. వీటితోపాటు ఆ ఊళ్లో కూలి ఎంత పలుకుతోందో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. 2005 చట్టం కింద ఇంటికి ఏడాదికి 100 రోజులు పని. అడిగిన 15 రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. ఆచరణలో ఆ భృతి దాదాపు ఎవరికీ అందలేదు. నోటిమాటగా పని అడిగితే తేదీ వేసిన రసీదు ఉండదు, రసీదు లేనిదే ఏ రోజు అడిగారో రుజువు చేయలేరు. కూలి కొలతల మీద కడతారు కనుక, గట్టి నేలలో కందకం తవ్విన గ్రూపుకు ప్రకటించిన రేటు కూడా రాదు. ఆధార్ పేరుకూ జాబ్ కార్డు పేరుకూ ఒక అక్షరం తేడా వచ్చినా డబ్బు ఆగిపోతుంది.

ఇన్ని లోపాలున్నా దీని అసలు బలం పథకం బయట ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్మార్ట్‌కార్డులతో చెల్లింపులు మెరుగుపరిచిన మండలాల్లో పేద కుటుంబాల రాబడి పెరిగింది. ఆ పెరుగుదలలో చాలా భాగం ఉపాధి డబ్బు కాదు, రైతుల దగ్గరా ఇతరుల దగ్గరా చేసిన పనికి వచ్చినదే. చెరువు పని చేతిలో ఉంటే కూలి మనిషి రైతు దగ్గర గట్టిగా బేరమాడగలడు.

అయితే పని చేయలేని ముసలివాళ్లకూ, వికలాంగులకూ, చంటిబిడ్డ తల్లికీ ఈ హామీ వల్ల ఒరిగేది తక్కువ. అక్కడ నగదే మేలు. బోల్సా ఫమీలియా 2003లో నాలుగు పాత పథకాలను కలిపి పుట్టింది. ఒకే జాతీయ రిజిస్టరు, ఒకే కార్డు, డబ్బు ముందుగా ఇంటి ఇల్లాలికే. 2023 నిబంధనల ప్రకారం తలసరి నెల ఆదాయం 218 రియల్ (బ్రెజిల్ కరెన్సీ) మించని కుటుంబాలు అర్హులు. 4–5 ఏళ్ల పిల్లలకు 60 శాతం, ఆపై 18 ఏళ్లలోపు వాళ్లకు 75 శాతం బడి హాజరు ఉండాలి, టీకాలు వేయించాలి. దీని పేరు మార్చి నడిపిన కాలంలో, 2022లో, మనుషులు ఎందరున్నా ఇంటికి కనీసం 600 రియల్ అన్నారు. దాంతో ఒక్కరే ఉండే ఇళ్లుగా నమోదైనవి ఒక్కసారిగా పెరిగిపోయాయి. 2023లో కనీస మొత్తం అలాగే ఉంచి, ఏడేళ్లలోపు ప్రతి బిడ్డకూ అదనంగా 150 కలిపారు. నగదు లెక్క మనిషిని బట్టి ఉండాలి తప్ప ఇంటిని బట్టి కాదని మిగతా దేశాలు ఇక్కడ నేర్చుకోవచ్చు.

నా తూకంలో పని హామీ మొదటిది, ఎందుకంటే అందులో చేరనివాళ్ల కూలి రేటు కూడా పెరుగుతుంది. పని చేయలేనివాళ్లకూ పిల్లలకూ దాని పక్కనే నగదు ఉండాలి. కూలి దొరకని చోట, పశువును సాకగల ఇంటికి మాత్రమే ఆస్తి.

అందుకే ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో వచ్చిన కొత్త చట్టం గురించి నాకు దిగులుగా ఉంది. రోజులను 125కు పెంచింది, మంచిదే. కానీ విత్తనం, కోత సీజన్లలో మొత్తం 60 రోజులు పనులు ఆపాలంది. కూలిమనిషి బేరమాడగలిగేది సరిగ్గా ఆ రోజుల్లోనే. పైగా గతంలో కూలి డబ్బంతా కేంద్రం భరించేది, ఇప్పుడు చాలా రాష్ట్రాలు ఖర్చులో 40 శాతం పెట్టుకోవాలి. ఖజానా బిగిసిన రాష్ట్రం పని అడిగినవాళ్ల పేర్లే రాసుకోకపోవచ్చు.