అరకులో రెండు హోటళ్ళు: ఒకటి పుస్తకం మీద, ఒకటి ఫోన్ మీద

డిసెంబరు ఆఖరి వారంలో అరకు వెళ్ళాలనుకునేవాళ్ళకి నా సలహా ఒకటే. హోటల్ ఫొటోలు, వ్యూ, క్యాంప్‌ఫైర్ సంగతి తర్వాత చూసుకోండి. ముందు ఆ హోటల్ వాళ్ళు గదుల లెక్క ఎక్కడ రాసుకుంటున్నారో కనుక్కోండి. నవ్వొచ్చినా సరే, కనుక్కోండి.

రైలు ప్రయాణానికి వంక పెట్టలేను. విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కాం. అద్దాల విస్టాడోమ్ పెట్టెలో టికెట్లు ముందే తీసుకున్నాం కాబట్టి పిల్లలు సొరంగాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. బొర్రా గుహలు మర్నాటికి పెట్టుకుని నేరుగా అరకులో దిగాం. అత్తయ్య కూడా మోకాళ్ళ నొప్పి మాట ఎత్తలేదు.

కథంతా లాడ్జి దగ్గర మొదలైంది. పేరు రాయను. మెయిన్ రోడ్డుకి కాస్త లోపలికి ఉంటుంది, ముందు పెద్ద లైట్ల బోర్డు. ఒక యాప్‌లో నెల ముందే రెండు గదులు, రెండు రాత్రులకి బుక్ చేశాం. గది రాత్రికి 2,600, పన్నుతో కలిపి మొత్తం 10,920 కట్టేశాం. కౌంటర్‌లో కుర్రాడు పొడుగాటి రిజిస్టరు తీసి, వేలికి తడి చేసుకుని పేజీలు తిప్పాడు. ముందుకి తిప్పాడు, వెనక్కి తిప్పాడు. "మీ పేరు మీద ఒక గదే ఉంది మేడమ్" అన్నాడు. ఫోన్‌లో వోచర్ చూపించాను. దాన్ని తన ఫోన్‌తో ఫొటో తీసుకుని విశాఖలో ఉన్న ఓనర్‌కి వాట్సాప్‌లో పంపాడు. ఓనర్ ఫోన్ ఎత్తడు.

ఈలోగా బరంపురం నుంచి వచ్చిన ఇంకో కుటుంబం లోపలికొచ్చింది. వాళ్ళ దగ్గరున్నది వేరే యాప్ వోచర్. గది మాత్రం మాదే! వాళ్ళ పెద్దాయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది, వాళ్ళ గది నేనే లాక్కున్నట్టు. అత్తయ్య మంకీ క్యాప్ పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, "ఒరేయ్, ఇంటికెళ్ళిపోదాం రా" అని మా వారిని పట్టుకుంది. తోడికోడలు మాట్లాడటం మానేసింది. ఆవిడ మాట్లాడటం మానేసిందంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు.

చివరికి ఓనర్ లైన్లోకొచ్చి "అది యాప్ వాళ్ళ తప్పు" అన్నాడు. మాకు ఒక గది, దాంతో పాటు వెనక రేకుల షెడ్డులో ఇంకో గది ఇచ్చారు. దానికి 3,000 నగదు, పైన 12 శాతం జీఎస్టీ కింద ఇంకో 360. మా మరిది అకౌంట్స్ మనిషి, ఊరుకుంటాడా? "2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 లోపు గదులకి 5 శాతమే కదయ్యా" అన్నాడు. కుర్రాడు అచ్చు వేసిన బిల్లు పుస్తకం చూపించి, "ఈ బుక్కు అయిపోయేదాకా ఇదే సార్" అన్నాడు. 210 రూపాయల కోసం అరగంట వాదన. అందులో గెలిచింది బిల్లు పుస్తకమే. గీజరు ఉంది గానీ వేడినీళ్ళు లేవు. ఆ రాత్రి చలికి షెడ్డులో మా వారూ మరిదీ స్వెట్టర్ల మీద షాల్స్ కప్పుకుని పడుకున్నారు.

మా అబ్బాయి మాత్రం రాత్రంతా ఫోన్ వదల్లేదు. అరకంతా ఫుల్లే. తెల్లారి ఆరుగంటల లోపు లేపి, "అమ్మా, పద్మాపురం గార్డెన్స్ వైపు ఒక హోటల్లో రెండు గదులు ఇప్పుడే కనిపించాయి" అన్నాడు. వెంటనే బుక్ చేశాడు. నాలుగు మంచాల ఫ్యామిలీ గది 4,000, మామూలు గది 2,400, 5 శాతం పన్నుతో కలిపి 6,720. అడ్వాన్సు కట్టిన నిమిషానికే వాట్సాప్‌కి లింకు వచ్చింది, ఆధార్ ఫొటోలు అందులోనే పెట్టేశాం.

హోటల్ చూస్తే గొప్పదేం కాదు. పద్నాలుగు గదులు, రంగు వెలిసిన గోడలు, లిఫ్టు లేదు. కానీ కౌంటర్ దగ్గరకి వెళ్ళగానే మేనేజర్ అమ్మాయి, "పెద్దావిడ ఉన్నారని రాశారు కదా, కింది గది ఉంచాం" అంది. బుక్ చేసేటప్పుడు ఆ మాట రాసిన సంగతి నాకే తెలీదు, రాసింది అబ్బాయి. అత్తయ్య అప్పుడే మంకీ క్యాప్ తీసింది.

పొద్దున్నే గదులెలా కనిపించాయని అడిగితే, తన ట్యాబ్ మా వైపు తిప్పింది. ఎడమవైపు గదుల నంబర్లు, పైన తేదీలు, మధ్యలో రంగురంగుల పట్టీలు. హైదరాబాదు వాళ్ళెవరో తెల్లవారుజామున 5:40కి క్యాన్సిల్ చేశారట. రాత్రి డ్యూటీ కుర్రాడు నిద్రపోతున్నాడు. అయినా ఆ రెండు గదులూ వాటంతట అవే హోటల్ సొంత సైట్‌లోకీ, అన్ని యాప్‌లలోకీ వెళ్ళిపోయాయి. క్లౌడ్ సాఫ్ట్‌వేర్ అంటే అదేనట. హోటల్ లెక్కంతా ఇంటర్నెట్‌లో ఒక్కచోటే ఉంటుంది, గది ఏ యాప్‌లో అమ్ముడైనా మిగతా వాటిలో కూడా తగ్గిపోతుంది. మేము మాట్లాడుతుండగానే పైన తుడుస్తున్న ఆవిడ తన ఫోన్‌లో ఏదో నొక్కింది. ట్యాబ్‌లో మా గది ఎర్ర గడి పచ్చగా మారింది. "వెళ్ళండి, రెడీ" అంది అమ్మాయి.

ముందు రోజు లాడ్జిలో ఏం జరిగిందో అప్పుడర్థమైంది. ఒక్కో యాప్‌కి ఒక్కో లాగిన్ ఉంటుంది. ఒకదాన్లో గది పోతే, మిగతా వాటిలో మనిషి కూర్చుని చేత్తో మూసెయ్యాలి. ఓనర్ విశాఖలో, రిజిస్టరు అరకులో. ఎవరు మూస్తారు? యాప్ వాళ్ళ తప్పు అట! పన్ను సంగతి అడిగితే అమ్మాయి నవ్వేసింది. సెప్టెంబరులో రేటు మారినప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళే మార్చేశారు, తనేమీ ముట్టుకోలేదట. మరిది బిల్లు రెండుసార్లు చదివి, తప్పు దొరక్క కాస్త నిరాశపడ్డాడు.

ఈ అమ్మాయి ఇంతకుముందు విశాఖలో పెద్ద హోటల్లో ఫ్రంట్ ఆఫీసులో చేసిందట. అక్కడ లెక్కలన్నీ రిసెప్షన్ వెనక గదిలో ఉన్న సర్వర్‌లోనే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఆ గదిలోకి నీళ్ళొచ్చి, ఉన్న అతిథుల లెక్కలు మొదట్నుంచీ కాగితం మీద రాసుకోవాల్సి వచ్చిందని చెప్పింది. "మరి ఇక్కడ నెట్ పోతే?" అని మా వారు. ఆయన ఏదీ తేలిగ్గా ఒప్పుకోరు. "పని ఆగుతుంది సార్, లెక్క పోదు. అందుకే రెండు కంపెనీల సిమ్ములు పెట్టుకున్నాం, రేపొచ్చేవాళ్ళ లిస్టు రాత్రే ప్రింట్ తీసుకుంటాం" అంది. సాయంత్రం కరెంటు పోయింది. ఫోన్ డేటా మీదే చెకిన్లు నడిపించింది, నేను కౌంటర్ ముందు నుంచుని మరీ చూశాను.

ఈ సాఫ్ట్‌వేర్‌కి నెలకి ఎంత కడతారని మరిది అడిగాడు. మూడు వేల లోపేనట. ఒక్క రోజు ఒక్క గది మీద వచ్చే డబ్బు. పైగా యాప్ ద్వారా వచ్చిన బుకింగ్ మీద కమిషన్ పోతుంది, సొంత సైట్‌లో చేస్తే పోదు. మా అబ్బాయి చేసింది సొంత సైట్‌లోనే, అందుకే మాకు టీలు ఊరికే ఇచ్చారు.

అన్నీ మెచ్చుకోవాలని లేదు. టిఫిన్ చల్లారిపోయి ఉంది. ఇడ్లీ వేడిగా పెట్టే సాఫ్ట్‌వేర్ ఇంకా రాలేదు కాబోలు. భోజనానికి బయటికి వెళ్ళండి. రోడ్డు పక్కన మా కళ్ళ ముందే వెదురు బొంగు చీల్చి పెట్టిన చికెన్ 400, నలుగురం తిన్నాం, తోడికోడలు మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టింది. ఇంకో చిరాకు రేట్లు. జనం పెరిగే కొద్దీ సాఫ్ట్‌వేరే రేటు పెంచేస్తుంది. మాకు 2,400కి వచ్చిన గది ఆ శనివారానికి 3,900 చూపించింది. అది దోపిడీ అని మా వారు, సీజన్లో లాడ్జివాళ్ళు నోటికొచ్చింది చెప్పడం కంటే నయమని నేను. ఆదివారం రాత్రి నుంచి గురువారం లోపు వెళ్ళండి, గొడవే ఉండదు.

లాడ్జిలో పోయిన గది డబ్బు 5,460 యాప్ వాళ్ళు తిరిగిచ్చారు, సంక్రాంతి దాటాక. షెడ్డు గదికి కట్టిన 3,360 మాత్రం రాలేదు. మీరు బుక్ చేసే ముందు హోటల్‌కి ఫోన్ చేసి, "వేరే యాప్‌లో ఎవరైనా తీసుకుంటే మీకెలా తెలుస్తుంది?" అని అడగండి. సిస్టమ్‌లో తగ్గిపోతుంది అంటే సరే. "మీరు రండి మేడమ్, చూసుకుందాం" అంటే మాత్రం ఒక్క రూపాయి కూడా పంపొద్దు.