మేడ మీద మట్టి ముంతలు: రెండు ఎండాకాలాలు చూశాక చెబుతున్నా

ఖమ్మంలో మాది పాతికేళ్ల నాటి డాబా ఇల్లు. ఎండాకాలం రాత్రి తొమ్మిదింటికి స్టూలెక్కి పడగ్గది స్లాబుకు అరచెయ్యి ఆనిస్తే, అన్నం గిన్నె మీంచి అప్పుడే తీసిన మూతలా కాలేది. ఏసీ ఎంతసేపు వేసినా పైనుంచి సెగ దిగుతూనే ఉండేది. అందుకే రిపేర్లు మొదలుపెట్టినప్పుడు ముందు స్లాబు సంగతే చూసుకున్నాం.

అడిగిన ప్రతివాళ్లూ థర్మోకోల్ షీట్లు వేయించమన్నారు, లేదంటే పిచికారీ చేస్తే నురగలా ఉబ్బి గట్టిపడే పీయూ (పాలీయురేథేన్) ఫోమ్ కొట్టించమన్నారు. బరువుండదు, పని తొందరగా అయిపోతుంది, అంగుళానికి అంగుళం లెక్కేస్తే వేడిని ఆపడంలో వాటిదే పైచేయి కూడా. కానీ రెండూ పెట్రోలియంతో తయారయ్యేవే, రేపు పీకేస్తే మట్టిలో కలవవు, అంటుకుంటే నల్లటి పొగ. పిల్లలు పడుకునే గది నెత్తిన అవి పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

అందుకే స్లాబు మీద మట్టి ముంతలు బోర్లించే పద్ధతి ఎంచుకున్నాం, మన దక్షిణాదిలో ఇది పాతదే. వేడిని ఆపేది ముంత లోపల కదలకుండా ఉండిపోయే గాలి, కాంక్రీటులోంచి దిగినంత తేలిగ్గా వేడి దాంట్లోంచి దిగదు. ముందు స్లాబుకు వాటర్ ప్రూఫింగ్ చేయించి, దాని మీద ముంతలు పక్కపక్కనే బోర్లించి, సందుల్లో ఇటుక ముక్కలూ డంగు సున్నమూ కూరి, నీళ్లు నిలవకుండా వాలు తీసి, పైన తెల్ల టైల్స్ ముక్కలు పరిపించాం. ఆ ముక్కలు టైల్స్ షాపులో పగిలినవి, చాలా చవగ్గా ఇచ్చారు. తెలుపు ఎండను తిప్పికొడుతుంది కాబట్టి ఫలితంలో దానికీ పెద్ద వాటా ఉంది.

ఒక్క పొరపాటు జరిగింది. మొదటి రోజు మేస్త్రి ముంతల్ని నానబెట్టకుండానే పేర్చేశాడు. ఎండు మట్టి సున్నంలో నీరంతా పీల్చేసుకుంది, ఆ వరుసల మీద వెంట్రుకవాసి పగుళ్లు వచ్చాయి, తొలి వానకే మూల గదిలో చెమ్మ దిగింది. మళ్లీ తవ్వి పూడ్చాల్సి వచ్చింది. మీరు చేయిస్తే ముంతలు రాత్రంతా నీళ్లలో ఉండేలా చూసుకోండి, పనయ్యాక రోజూ తడపండి, దగ్గరుండి మరీ తడిపించండి.

ఇప్పుడు అదే తొమ్మిదింటికి చెయ్యి పెడితే స్లాబు గోరువెచ్చగా ఉంటోంది. రాత్రంతా ఆడే ఏసీని ఒంటిగంటకు ఆపేస్తున్నాం. మే నెల మధ్యాహ్నం మాత్రం ఫ్యానొక్కటే సరిపోదు, పడమటి గోడ వేడి అలాగే ఉంది.

బరువు చిన్నదేం కాదు. ఇంజినీరుకు స్లాబు చూపించకుండా మొదలుపెట్టొద్దు. పాత స్లాబు ఆగదంటే తెల్ల సున్నం కొట్టించినా ఎంతో కొంత తేడా తెలుస్తుంది, ఏటా కొట్టాలంతే. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీలోనూ ఎండను తిప్పికొట్టే పైకప్పుల మాటే ఉంది. మా టైల్స్ మీద దుమ్ము పేరుకుంటే తెలుపు మాసిపోతుంది, అందుకే ఉగాదికి ముందు ఒకసారి చీపురుతో బాగా రుద్ది కడుగుతున్నాం.